గుర్రాల బలమా, అశ్వశక్తా?

సందేహం: ఒక కారు ప్రకటనలో '1200 సీసీ సామర్థ్యం గల ఇంజన్, 90 గుర్రాల బలం, 115 న్యూటన్ మీటర్ల టార్క్ శక్తి' అని చదివాను. మరో కారుకు '90 పీఎస్' అనీ, ఇంకోదానికి '90 బీహెచ్‌పీ' అనీ వేశారు. గుర్రాల బలం, అశ్వశక్తి, అశ్వసామర్థ్యం – వీటిలో ఏది సాధువు? పీఎస్, బీహెచ్‌పీ రెండూ ఒకటేనా? – ఒక పాఠకుడు

సమాధానం: ఆ ప్రకటన రాసినాయన మూడు అంకెలకు మూడు మంచి మాటలు తెచ్చి, ఒకరి చొక్కా ఇంకొకరికి తొడిగాడు. సీసీ చెప్పేది సిలిండర్ల ఘనపరిమాణం. అది సామర్థ్యం కాదు. సామర్థ్యం అనవలసిన చోట బలం అన్నాడు. టార్క్ అంటే ఇరుసును మెలితిప్పే సత్తువ. అది బలానికి దగ్గరి చుట్టమైతే దానికి శక్తిని అంటగట్టాడు.

తెలుగు భౌతికశాస్త్ర పాఠాల్లో ఈ మాటలకు హద్దులు ఎప్పుడో గీశారు. తోసేదీ లాగేదీ బలం. పని చేయించగలిగే నిల్వ శక్తి. ఆ పని ఎంత త్వరగా జరుగుతోందో చెప్పేది సామర్థ్యం. భారతంలో ఇంద్రుడు కర్ణుడికి ఇచ్చిన ఆయుధం పేరు కూడా శక్తే. ఒక్కసారే ప్రయోగించాలి. అర్జునుడి కోసం దాచుకున్నది కాస్తా ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. దాచుకునేదీ ఖర్చయ్యేదీ శక్తి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. కారులో ఆ శక్తి ఉండేది ట్యాంకులోని పెట్రోలులో. దాన్ని ఇంజన్ సెకనుకు ఎంత చొప్పున పనిగా మారుస్తుందన్నదే మీరు అడిగిన అంకె.

ఇక నాకు ఇష్టమైన మాట దగ్గరికి వస్తాను. 'జవసత్త్వాలు ఉడిగిపోయాయి' అని అందరూ అంటారు. అందులో జవం ఏమిటని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. జవం అంటే వేగం. సత్త్వం అంటే బలం, మన సత్తువ దాని నుంచి వచ్చిందే. బాగా పరుగెత్తే గుర్రాన్ని అమరకోశం 'జవనస్తు జవాధికః' అని ప్రత్యేకంగా పేర్కొంది. ఇప్పుడు సామర్థ్యానికి సూత్రం చూడండి: బలాన్ని వేగంతో గుణించాలి. అంటే సత్త్వాన్ని జవంతో గుణించాలి. మనవాళ్లు ఫిజిక్సు తెలిసి ఈ సమాసం చేశారని నేననను. అలా అనేవారి వాట్సాప్ సందేశాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. కానీ ఒక్క బలమే చాలదు, వేగమూ కావాలన్న ఎరుక ఆ జంటపదంలో ఉంది.

జేమ్స్ వాట్ చేసింది సరిగ్గా ఈ గుణకారమే. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో కొనేవాళ్లకు చెప్పాలి కదా! మిల్లు తిప్పే గుర్రం 12 అడుగుల వ్యాసార్ధం గల దారిలో గంటకు 144 చుట్లు తిరుగుతుందనీ, 180 పౌండ్ల బలంతో లాగుతుందనీ లెక్కకు తీసుకున్నాడు. అంటే జవం నిమిషానికి సుమారు 181 అడుగులు, సత్త్వం 180 పౌండ్లు. గుణిస్తే 32 వేల 500 పైచిలుకు వస్తుంది. దాన్ని నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లకు సరిచేశాడు. నేటి కొలతలో అది 745.7 వాట్లు.

కారు ఇంజన్‌లో సత్త్వం స్థానంలో టార్క్, జవం స్థానంలో నిమిషానికి తిరిగే చుట్లు వస్తాయి. మీరు చెప్పిన ఇంజన్ 115 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4400 చుట్ల దగ్గర ఇస్తుందనుకోండి. అక్కడ సామర్థ్యం 53 కిలోవాట్లు, అంటే 72 పీఎస్ మాత్రమే. 6000 చుట్లకు వెళ్లేసరికి టార్క్ 105కు పడిపోయినా సామర్థ్యం 66 కిలోవాట్లవుతుంది, అదే 90 పీఎస్. సత్తువ తగ్గింది, జవం పెరిగింది, లబ్ధం పెరిగింది. 'బండికి పికప్ లేదు' అని జనం అనేది తక్కువ చుట్ల దగ్గర సత్తువ చాలనప్పుడు. ఆ మాటను వెక్కిరించను, దానికి పని ఉంది.

పీఎస్ 'ఫెర్డెస్టెర్కె' అనే జర్మన్ మాటకు పొట్టిరూపం. 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తే సామర్థ్యం, 735.5 వాట్లు. బీహెచ్‌పీ లెక్క వాట్ గుర్రాల్లో. కాబట్టి 90 పీఎస్ అంటే 88.8 బీహెచ్‌పీ మాత్రమే. రెండూ ఒకటి కావు, తేడా పెద్దదీ కాదు. బీహెచ్‌పీ అంటే బ్రేక్ హార్స్‌పవర్. అందులోని బ్రేకు కారు ఆపే బ్రేకు కాదు. ప్రోనీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1821లో తిరిగే ఇరుసును చెక్కదిమ్మెలతో బిగించి, ఆ రాపిడిని తట్టుకోవడానికి దిమ్మెలకు అమర్చిన పొడవాటి కమ్మీకి ఎంత బరువు కట్టాలో చూసి సామర్థ్యాన్ని కొలిచాడు. ఆ బిగింపే ఈ బ్రేకు. 'బ్రేకు వేసినప్పటి శక్తి' అని తర్జుమా చేసేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండవలసింది.

మరి ఏది సాధువు? శాస్త్రం ప్రకారం అశ్వసామర్థ్యం. అయితే పత్రికలవాళ్లు సీసీకీ సామర్థ్యమే అంటున్నారు, మైలేజీకీ 'ఇంధన సామర్థ్యం' అంటున్నారు. అక్కడ దక్షత అనాలి. ఇంత రద్దీలో అశ్వసామర్థ్యం అంటే ఏమర్థం చేసుకుంటారో చెప్పలేను. అశ్వశక్తి లెక్కప్రకారం తప్పే, కానీ జనంలో నిలబడింది. 'యోగాద్రూఢిర్బలీయసీ' అన్నారు, వ్యుత్పత్తి కన్నా వాడుకదే పైచేయి. వాడితే నేను దిద్దను. గుర్రాల బలం మాత్రం పరీక్షలో రాయకండి. జర్మన్లు కూడా తమ పీఎస్‌లో 'గుర్రపు బలం' అనే అన్నారని మీరు ఎదురు వాదిస్తే నా దగ్గర గట్టి జవాబు లేదనుకోండి.

అన్నట్టు, వేదపదాలకు వ్యుత్పత్తులు చెప్పిన ప్రాచీన నిరుక్తకారుడు యాస్కుడు అశ్వానికి రెండు వ్యుత్పత్తులు చెప్పాడు: దారిని వ్యాపించేది, లేదా బాగా తినేది. ఎక్కువ పీఎస్ ఉన్న కారు కొన్నవారికి రెండోదే ముందు బోధపడుతుంది.

ఒక్క మనవి. 'తొంభై అశ్వశక్తుల ఇంజన్' అని బహువచనం చేయకండి, అమ్మవార్లు గుర్తొస్తారు. 'తొంభై అశ్వశక్తి ఇంజన్' అంటే చాలు.