‘పరిమాణాన్ని నిర్ణయించే కారకాలు’ అంటే ఏమిటి?

సందేహం: నేను ఒక జీవశాస్త్ర ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ల కోసం తెలుగులో సూచనలు రాస్తూ ‘డీఎన్ఏ గ్రంథాలయ పరిమాణాన్ని నిర్ణయించే కారకాలు, ప్రైమర్ల ఎంపిక’ అని శీర్షిక పెట్టాను. డీఎన్ఏ లైబ్రరీ (సీక్వెన్సింగ్ కోసం, అంటే డీఎన్ఏలోని అక్షరాల వరుసను చదవడం కోసం సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కల సముదాయం) ఎంత ఉందో కొలవడానికి కావలసిన రీఏజెంట్లు (ప్రయోగంలో వాడే రసాయనాలు), ప్రైమర్లు (డీఎన్ఏ నకళ్లు తీయడం మొదలుపెట్టే చిన్న ముక్కలు) అని నా ఉద్దేశం. చదివినవాళ్లు తికమకపడ్డారు. తప్పెక్కడుంది?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదు. చిక్కంతా ‘పరిమాణం’, ‘కారకం’ ఒకే చోట చేరడంలో ఉంది. రీఏజెంట్‌ను కారకం అనడం మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. టోలెన్స్ కారకం అని ఇంటర్ పిల్లలు చదువుకుంటారు. కానీ ‘వ్యాధి కారకం’ అన్నప్పుడు అదే మాటకు ‘కలిగించేది’ అని అర్థం. అందుకే మీ శీర్షిక చూడగానే, లైబ్రరీ పెద్దదా చిన్నదా అన్నది వేటిని బట్టి ఉంటుందో చెబుతున్నారనుకుంటారు. సీసాల్లోని రసాయనాలు ఎవరికీ తట్టవు. ఇక్కడ ‘రీఏజెంట్లు’ అనే రాయండి.

‘పరిమాణం’తో ఇబ్బంది ఇంకా ఎక్కువ. సైజుకూ అదే మాట, ఎంత ఉందన్నదానికీ అదే మాట. మీ పనిలో ఈ రెండూ వేరు వేరు కొలతలు. మైక్రోలీటరుకు 2 నానోగ్రాముల డీఎన్ఏ ఉందనుకోండి. ముక్కల సగటు పొడవు 300 బేస్ జతలైతే గాఢత సుమారు 10 నానోమోలార్ (అణువుల సంఖ్యను బట్టి చెప్పే కొలత), 600 అయితే సుమారు 5. బరువు అంతే ఉన్నా అణువుల సంఖ్య సగమైంది. ఈ సంగతిని ‘పరిమాణం’ అన్న ఒక్క మాటతో చెప్పబోతే ‘పరిమాణం రెట్టింపైతే పరిమాణం సగమవుతుంది’ అని రాయాల్సి వస్తుంది! సైజుకు ‘పొడవు’, రెండోదానికి ‘గాఢత’ వాడితే ఏ గొడవా లేదు.

‘డీఎన్ఏ గాఢత’, ‘లైబ్రరీ గాఢత’ కూడా ఒకటి కావు. ఫ్లోరసెంట్ డై కలిపి నేరుగా కొలిస్తే అడాప్టర్లు (సీక్వెన్సింగ్ కోసం ముక్కల చివరలకు అతికించే చిన్న డీఎన్ఏలు) అతకని ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. అదే క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏ నకళ్లు పెరుగుతుండగానే కొలిచే పద్ధతిలో), ఇల్యూమినా సీక్వెన్సింగ్ యంత్రాల కోసం చేసిన లైబ్రరీకి, దాని అడాప్టర్లలోని పీ5, పీ7 అనే చివరలకు సరిపోయే ప్రైమర్లు వేస్తే, రెండు చివరలా అడాప్టర్లున్న ముక్కలే రెట్టింపవుతూ పోతాయి. ఏది కొలిచారో ఆ పేరే రాయండి.

ప్రైమర్‌ను అలాగే ఉంచండి. ‘గ్రంథాలయం’ మాత్రం వద్దు, అందులో గ్రంథం మరీ బలంగా వినిపిస్తుంది. నేనైతే ‘లైబ్రరీ గాఢతను కొలవడానికి రీఏజెంట్లు, ప్రైమర్ల ఎంపిక’ అని పెడతాను.