తకయామాలో ఆ రెండు ఇళ్లు

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

జపాన్‌లో, నగోయాలో ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా తకయామా వెళ్లలేదని రాశావు. ఈ సెలవుల్లో తప్పకుండా వెళ్లు. హిదా రైలెక్కితే రెండున్నర గంటల ప్రయాణం. మీ పెదనాన్న అక్కడ పనిచేసిన రోజుల్లో ఆ ఊరికి నాలుగుసార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా కుసకబే, యోషిజిమా అనే ఆ వర్తకుల ఇళ్లు చూడకుండా తిరిగి రాలేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ రోజు తెరిచి ఉంటాయో లేదో మాత్రం ముందే చూసుకో.

మొదట వీధిలో కాసేపు నిలబడు. కిందికి దిగిన చూరు, నల్లబడిన కర్ర జాలీ తప్ప లోపలి కలిమి ఏమీ బయటికి తెలియదు. 1692 నుంచి ఈ ఊరు నేరుగా షోగన్ అనే సైన్యాధిపతి పాలనలో ఉండేది. వర్తకుడి దగ్గర ఎంత ధనమున్నా ఇల్లు ఎత్తుగా లేపకూడదు, హినోకి అనే మేలైన కలప వాడకూడదు. కుసకబే వారి ఇల్లు 1875 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1879లో కవజిరి జిసుకే అనే వడ్రంగి మళ్లీ కట్టేనాటికి షోగన్ పోయి మెయిజీ చక్రవర్తి పాలన వచ్చి ఆ కట్టుబాట్లు పోయాయి. లోపల మనసుతీరా మంచి కలప వాడారు. వీధివైపు మాత్రం ఆ పాత అణకువే ఉంచుకున్నారు. నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే నచ్చింది అదే.

లోపలికి వెళ్లగానే గదుల వెంట పరుగెత్తకు. మట్టినేల మీదే నిలబడి తల పైకెత్తు. దూలాలు ఒకదాని మీదుగా ఒకటి కప్పు దాకా వెళతాయి. నేలలో చదరంగా దించిన పొయ్యిని ఇరోరి అంటారు. దాని పొగ తగిలి కలప నిగనిగలాడుతుంది. యోషిజిమా ఇంటిని 1907లో నిషిదా ఇసబురో అనే వడ్రంగి కట్టాడు. అక్కడ పై కిటికీల నుంచి వెలుగు ఆ దూలాల మీదికి దిగుతుంది. ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్లు, పావుగంట కూర్చో. వెలుగు ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జరగడం కళ్లారా చూస్తావు. దూలం స్తంభంలోకి దిగిన చోటికి ముఖం దగ్గరగా పెట్టి చూడు, చేయి మాత్రం వేయకు. గోరు దూరే సందు కూడా కనపడదు. ఒకప్పుడు తకయామా ఉన్న ఈ హిదా సీమ పన్నుకు బదులు రాజధానికి వడ్రంగులనే పంపేదట. ఎందుకో అక్కడ అర్థమవుతుంది.

గడప తొక్కకూడదని మీ అమ్మమ్మ అనేది కదా, అక్కడా అంతే. తతామి చాపల అంచు గుడ్డ మీద కూడా అడుగు పెట్టకు. వీపు సంచి తీసి చేత్తో పట్టుకో. కాగితపు తలుపుకు చిన్న దెబ్బ తగిలినా చిరుగుతుంది. ఫిబ్రవరిలో ఒకసారి పలుచటి మేజోళ్లతో వెళ్లాను. పది నిమిషాలకే కాళ్లు మొద్దుబారి సగం ఇల్లు చూడకుండానే బయటికి వచ్చేశాను. ఆ బాధ చాలాకాలం నన్ను వదల్లేదు. నువ్వు ఉన్ని మేజోళ్లు తప్పక తీసుకెళ్లు.

యోషిజిమా వారు సాకే అనే బియ్యపు మద్యం తయారు చేసేవారు. వాకిట్లో సుగి అనే దేవదారు లాంటి చెట్టు ఆకుల బంతి వేలాడుతుంది. కొత్త సాకే వచ్చిందనడానికి గుర్తుగా పచ్చటి బంతి కట్టడం అక్కడి ఆనవాయితీ. రోజులు గడిచేకొద్దీ అది గోధుమరంగుకు తిరుగుతుంది. నువ్వు వెళ్లినప్పుడు అది ఏ రంగులో ఉందో, వెలుగు ఏ వేళకు పొయ్యి దాకా వచ్చిందో నాకు రాయి.

మీ పెద్దమ్మ