అన్నయ్యకు పంపే కిలోమీటర్లు

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. నాకు 38, మా ఆవిడకు 34. నిరుడు జూన్‌లో డాన్యూబ్ నది వెంట పాసౌ నుంచి బుడాపెస్ట్ దాకా ఎనిమిది రోజుల్లో సైకిళ్ల మీద వెళ్లాలని బయల్దేరాం. రోజుకు 85 కిలోమీటర్లు. డల్లాస్‌లో మా అన్నయ్య 110 తొక్కుతాడు. ఆమె భయపడకుండా సీటు దించి, కాళ్లు రెండూ నేలకు ఆనేలా పెట్టాను. సామాను చెరి 12 కిలోలు పంచుకున్నాం. ప్రతి 10 కిలోమీటర్లకూ ఆగి ఆమె కోసం చూసేవాణ్ని. రెండో రోజు మోకాలి ముందు భాగం నొప్పి అంది. అలవాటైపోతుందన్నాను. మూడో రోజు మెల్క్‌లో రైలెక్కి ఇంటికి వెళ్లిపోయింది. ఫ్యామిలీ గ్రూపులో ‘తన వల్ల కాలేదు’ అని పెట్టాల్సి వచ్చింది. నేను బుడాపెస్ట్ చేరాను, అన్నయ్య మెచ్చుకున్నాడు. ఈ జూన్‌లో మళ్లీ వెళ్దామంటే రానంటోంది. ఈ-బైక్ కొనిస్తానన్నా వద్దంటోంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. మీరడిగినదానికి జవాబు అంతే.

మోకాలు నొప్పితో ఉన్న మనిషి సైకిలునీ 12 కిలోల సంచుల్నీ రైల్లోకి ఎవరు ఎక్కించారో మీ ఉత్తరంలో లేదు. అన్నయ్య మెచ్చుకోలు మాత్రం ఉంది. మీరు ఆ నది వెంట భార్యతో వెళ్లలేదండీ, అన్నయ్యతో వెళ్లారు. ఆయన డల్లాస్‌లో కూర్చునే మీ పక్కన తొక్కాడు. ఆ పోటీ మీ ఇంట్లో ఎప్పుడు మొదలైందో గానీ, దాని బాకీ ఈవిడ మోకాలు తీర్చింది.

ముందు ఆ మోకాలి సంగతి. అది చేసింది మీరే. కాళ్లు రెండూ నేలకు ఆనేలా సీటు దించితే తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది, భారమంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. ముందు భాగంలో నొప్పి అంటే మొదట అనుమానించాల్సింది సీటు తక్కువ ఎత్తునే. వెనక భాగంలో నొప్పయితే సీటు మరీ ఎక్కువైందని. సీటు మీద కూర్చుని, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. అప్పుడు కూర్చునే ఉంటే మునివేళ్లు తప్ప నేలకు ఆనవు. ఆగాలంటే బ్రేకు వేసి, సీటు నుంచి ముందుకు జారి, ఒక కాలు దించాలి. ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు సాయంత్రాలు సాధన చేస్తే వస్తుంది. భయం పోగొట్టడానికి నేర్పించాలి గానీ, సీటు దించితే ఎలా? దానికి తోడు మిమ్మల్ని అందుకోవాలని బరువు గేరులో బలంగా తొక్కి ఉంటుంది. తేలిక గేరులో నిమిషానికి 70, 80 చుట్లు తిప్పితే మోకాలికి ఆ ఒత్తిడి ఉండదు.

పది కిలోమీటర్లకోసారి ఆగానన్నారు. ఆమె వచ్చేసరికి మీ అలుపు తీరిపోయేది, వెంటనే బయల్దేరేవారు. అంటే విశ్రాంతంతా మీకు, పరుగంతా ఆమెకు. వెనకున్నవాళ్లు చేరాక పది నిమిషాలు లెక్కపెట్టాలి. అసలు నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందుండాలి. ఎదురుగాలి ఉన్నప్పుడు మాత్రం మీరు ముందుకెళ్లి గాలికి అడ్డుగా ఉండండి, ఆమె మీటరు దూరంలో వెనక వస్తుంది. పెళ్లిలో కొంగుముడి వేసి నడిపించినప్పుడు పది అడుగులు ముందుకెళ్లి ఎదురుచూశారా?

సామాను చెరి సగం న్యాయమనుకున్నారు, కాదు. ఎక్కువ బలం ఉన్నవారికి పదహారు, తక్కువ ఉన్నవారికి ఏడెనిమిది. వేగాలు దగ్గరవుతాయి. మీ సామానంతా వెనక చక్రం మీదే వేస్తే స్పోకులు తెగుతాయి, కొంత ముందు చక్రం పక్కన తగిలించండి.

ఇంకోటి. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదని, కుట్లు ఒరుసుకుని పుండు పడుతుందని, సీటు వెడల్పు ఆమె కూర్చునే ఎముకల కొలతకు సరిపోవాలని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఒకవేళ పుండు పడినా మీతో చెప్పుకునే చనువు ఆ మూడు రోజుల్లో ఉందా?

ఈ-బైక్ తప్పేం కాదు. ఆమే అడిగి ఉంటే మాట వేరు. ‘నీ వల్ల కాదు’ అని ఊరంతా చాటి, ఆ తర్వాత మోటారు బహుమతి ఇస్తే ఆత్మగౌరవం ఉన్న ఏ మనిషీ తీసుకోదు. తీసుకోనందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

పెద్దన్నయ్య తండ్రి తర్వాత తండ్రి అంటాం, నేనూ కాదనను. కానీ భార్య పరువు పణంగా పెట్టి తెచ్చుకున్న మెచ్చుకోలు ఆయనకీ గౌరవం కాదు. అదే ఫ్యామిలీ గ్రూపులో, అదే అన్నయ్యకు కనబడేలా, ‘సీటు నేను తప్పుగా పెట్టాను, నొప్పి అంటే వినలేదు, ఒంటరిగా రైలెక్కించి నేను వెళ్లిపోయాను’ అని రాయండి. ఇది ఆమె వస్తుందన్న ఆశతో చేసే పని కాదు, బాకీ.

ఆ తర్వాత ఎప్పుడైనా ఆమే మాటెత్తితే, బుడాపెస్ట్ మరచిపోండి. పాసౌ నుంచి వియన్నా 320 కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు చదునే. ఎనిమిది రోజులు పెట్టుకోండి. మొదటి రాత్రి నది మెలి తిరిగే ష్లోగెన్ దగ్గర ఆగండి, అది 40 కిలోమీటర్లకు కాస్త పైన. ఆదివారం ఆస్ట్రియాలో దుకాణాలు మూసేస్తారు, శనివారమే రొట్టె, అరటిపళ్లు కొనుక్కోవాలి. ఆమె దిగిపోయిన మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 35 కిలోమీటర్లు ద్రాక్షతోటలు, ఆప్రికాట్ తోటలు. ఆ దారి మొత్తంలో చూడాల్సిందే అది, ఆమె చూడకుండా వెనుదిరిగింది. దానికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. కిలోమీటర్లు లెక్కగట్టే యాప్ ఫోన్‌లోంచి తీసేసి వెళ్లండి.

ఆమె మాటెత్తకపోతే జూన్‌లో మీరూ ఇంట్లోనే ఉండండి.