తాతగారి టోపీ

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో నల్లటి ఫెల్ట్ టోపీ దొరికింది. పెట్టుకొని బజారుకు వెళ్లాలని ఉంది కానీ, నలుగురూ నవ్వుతారేమోనని సంకోచం. ఏమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: నవ్వేవారు రెండు రోజులు నవ్వి ఊరుకుంటారు, పంచె మీద కోటు, నెత్తిన టోపీతో ఉన్న పెద్దలను పాత ఛాయాచిత్రాలలో మీరూ చూసే ఉంటారు. ఆలోచించవలసింది ఎండను గురించి. ఫెల్ట్ అంటే ఉన్నినో కుందేలు బొచ్చునో తడితో, వేడితో, ఒత్తిడితో అట్టకట్టించినది కనుక, మీ వైపు మార్చి దాటాక అది నెత్తిన కుంపటే అవుతుంది. దానిని చలికాలపు ఉదయాలకు ఉంచుకొని, వేసవికి సన్నని ఆకు నారతో అల్లే పనామా టోపీ కొనుక్కోండి. పేరు పనామాదే అయినా ఆ అల్లిక ఈక్వెడార్ దేశానిది. 2012లో యునెస్కో వారసత్వ జాబితాకు కూడా ఎక్కింది.

టోపీని ముందు నొక్కు దగ్గర రెండు వేళ్లతో పట్టి తీయడం చాలామందికి అలవాటు, కాని తరచుగా పగిలేది అక్కడే. అంచు పట్టుకొని తీసి, అంచు వంగిపోకుండా వెల్లకిలా పెట్టండి. తాతగారి తల మీకంటే పెద్దదైతే, లోపలి తోలుపట్టీ వెనుక మడిచిన కాగితపు పేలిక దోపితే సరిపోతుంది.