మైలేజీ తగ్గిందని కారు మార్చాలా?

ప్రశ్న: నా పెట్రోల్ కారు కొని ఏడేళ్లయింది, లోన్ తీరిపోయింది. ఆఫీసు ఊరి బయట ఉన్నప్పుడు నెలకు 1,500 కి.మీ. తిరిగేవాణ్ణి, లీటరుకు 18 వచ్చేది. ఆఫీసు సిటీ మధ్యకు మారాక తిరిగేది 1,000 కి.మీ.కి తగ్గింది, కానీ డిస్‌ప్లేలో మైలేజీ 14 చూపిస్తోంది. లీటరుకు 24 ఇచ్చే కొత్త కారు లోన్‌లో తీసుకుంటే పెట్రోలు మీద మిగిలే డబ్బు ఈఎంఐకి కలిసొస్తుందని మిత్రుడు అంటున్నాడు. తీసుకోమంటారా? లేక మైలేజీ పెంచే పరికరం ఏదైనా పెట్టించుకోవాలా?

జవాబు: మీరిచ్చిన అంకెలే ముందు చూద్దాం. అప్పట్లో 1,500 కి.మీ.కి నెలకు 83 లీటర్లు పోయించేవారు. ఇప్పుడు 1,000 కి.మీ.కి 71 లీటర్లు పోయిస్తున్నారు. మైలేజీ పడిపోయిందని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, మీ పెట్రోలు ఖర్చు నెలకు 12 లీటర్లు తగ్గింది. బంకులో మనం డబ్బు కట్టేది లీటర్లకే కదా.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కతో ఇంకో చిక్కు కూడా ఉంది. మైలేజీ 10 నుంచి 12కి పెరిగితే 1,000 కి.మీ.కి దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 24కి పెరిగితే ఎనిమిది లీటర్ల పైచిలుకే మిగులుతాయి. చూడ్డానికి రెండోదే పెద్ద లాభంలా ఉంటుంది. చాలామంది ఇలాగే పొరబడతారని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన లారిక్, సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాశారు. అందుకే కారు విషయంలో డబ్బు లెక్క వేసేటప్పుడు 100 కి.మీ.కి ఎన్ని లీటర్లు అని తిప్పి రాసుకోమంటాను. మీ కారుకు అప్పట్లో 5.6 లీటర్లు పట్టేది, ఇప్పుడు 7.1 పడుతోంది.

ఆ 7.1 అయినా నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. డిస్‌ప్లే చూపించేది ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకున్న సమయాన్ని బట్టి కంప్యూటర్ వేసుకున్న అంచనా. చాలా కార్లలో అది మైలేజీని అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. బంకులో నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. పైన ఇంకొంచెం పోయించొద్దు, లెక్క చెడుతుంది. ట్యాంకు బాగా తగ్గాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటిసారి ఆగేదాకా నింపించండి. ఈ రెండోసారి స్లిప్పులో ఉన్న లీటర్లే మీ కారు నిజంగా తాగినవి. నాజిల్ ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త తర్వాత ఆగుతుంది. పది లీటర్లలో ఒక లీటరు తేడా అంటే పది శాతం, 35 లీటర్లలో అయితే మూడు శాతమే. కాబట్టి కొంచెం కొంచెం పోయిస్తూ మైలేజీ చూడాలనుకోవడం దండగ. మూడు ట్యాంకుల మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించి వచ్చిందే నమ్మండి.

సిటీలో మైలేజీ తగ్గడంలో కారు తప్పేమీ లేదు. పికప్ ఇచ్చిన ప్రతిసారీ పెట్రోలు ఖర్చయి కారుకు వేగం వస్తుంది, బ్రేకు వేయగానే ఆ వేగమంతా వేడైపోతుంది. దూరం తక్కువైతే ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది, చల్లటి ఇంజిన్ ఎక్కువ తాగుతుంది. అయినా 18 నుంచి 14 అంటే చిన్న తేడా కాదు, కాబట్టి మెకానిక్‌తో ఒకటి రెండు చూపించండి. కాసేపు నడిపాక ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ ఎక్కువగా తగులుతుంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు. టెంపరేచర్ ముల్లు ఎంతసేపు నడిపినా కిందే ఉంటే ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మీద అనుమానపడాలి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ లాంటిది పాడై పెట్రోలు ఎక్కువగా పోతుండవచ్చు.

ఇవేవీ లేకపోతే మిగిలేది మీ డ్రైవింగే. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో దూకుడుగా నడిపితే మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ముందు ఎర్రలైటు కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి గేరులోనే రానివ్వండి. ఇప్పటి కార్లు అలాంటప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. న్యూట్రల్ ఆదా అని చాలామంది ఇప్పటికీ గట్టిగా వాదిస్తారు, అది ఇంజెక్టర్లు రాకముందు పెట్రోలు అందించిన కార్బ్యురేటర్ల కాలం మాట. ఇక ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారు గంటకు లీటరు దాకా తాగుతుంది. రోజూ పావుగంట అలా పోతే నెలకు ఆరేడు లీటర్లు ఆవిరైనట్టే.

టైర్లలో గాలి గురించి ఊదరగొడతారు గానీ, నాలుగింట్లోనూ ఒక్కో పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే పోయే మైలేజీ 0.2 శాతమే. అయినా గాలి సరిగ్గా ఉంచమనే చెబుతాను, టైర్లు త్వరగా అరిగిపోతే ఆ ఖర్చు ఇంతకంటే పెద్దది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లలో పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ పెద్దగా మారదు.

పరికరం ఆలోచన మానుకోండి. ఇలాంటివి నూటికి పైగా పరిశీలించిన అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకి మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ దొరకలేదు. కొన్నిటితో ఇంజినే పాడవ్వొచ్చు. మాన్యువల్‌లో అడగకపోతే ప్రీమియం పెట్రోలు కూడా అక్కర్లేదు.

ఇక మీ మిత్రుడి లెక్క. ఆ 24 ల్యాబులో రోలర్ల మీద నడిపి కొలిచిన అంకె. మీ ట్రాఫిక్‌లో ఆ కారు 18 ఇస్తుందనుకుందాం, నెలకు 56 లీటర్లు అవుతాయి. నడిపే తీరు మార్చుకుని మీ పాత కారునే 16కి తెచ్చుకున్నారనుకోండి, 63 లీటర్లు చాలు. తేడా ఏడు లీటర్లు. మీ బంకులోని ధరతో ఆ ఏడింటినీ గుణించి, కొత్త కారు ఈఎంఐ పక్కన పెట్టి చూడండి. దానికి పెరిగే ఇన్సూరెన్స్, మొదటి ఏళ్లలో గబగబా పడిపోయే కారు విలువ కలపండి. నెలకు 3,000 కి.మీ. తిరిగేవారికైనా ఈ తేడా 21 లీటర్లే. పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ అయితే బ్రేకులో పోయే శక్తిని కొంత బ్యాటరీలోకి తిరిగి తెచ్చుకుంటుంది కాబట్టి సిటీలో తేడా ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, దాని ధర కూడా ఎక్కువే కాబట్టి లెక్క మాత్రం ఇదే పద్ధతిలో వేయాలి.

రిపేర్లు తరచూ వస్తున్నాయనో, ఇంట్లోవాళ్లకు కారు సరిపోవడం లేదనో రాసి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. మైలేజీ కోసమైతే మాత్రం లోన్ వద్దు. ముందు ఆ మూడు ట్యాంకుల లెక్క తేల్చి, అసలు అంకె ఎంతో నాకు రాయండి.