కారు ఖరీదు 11 వేలు, అయిన ఖర్చు 45 వేలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బైకు స్పేర్ పార్టుల షాపు, పక్కనే చిన్న మెకానిక్ షెడ్డు. షాపు ఖర్చులు పోను నెలకు సుమారు 52 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 32 వేలు, షాపు లోను కిస్తీ 7 వేలు, చీటీ 5 వేలు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. పోయిన దసరాకి మా బాబుకి (12 ఏళ్లు) 11 వేలు పెట్టి రిమోట్ కారు కొన్నాను. ఇప్పుడు ఆదివారం వస్తే ఇంటిల్లిపాదీ మహేంద్రతనయ ఒడ్డునే ఉంటాం. ఏడేళ్ల పాప కూడా రిమోట్ వదలదు. ఏడాదిలో మోటారు, టైర్లు, బ్యాటరీలు అంటూ మరో 34 వేలు అయింది. ఇప్పుడు 42 వేల బ్రష్‌లెస్ కారు (బ్రష్‌లు లేని, వేగం ఎక్కువ ఇచ్చే మోటారుది) 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది. నాన్నగారు బొమ్మల మీద డబ్బు తగలేస్తున్నానని గొడవ. తీసుకోవచ్చా?

సమాధానం: ఈఎంఐలో వద్దు. సరదా మానేయమని మాత్రం నేను అనను. ఇంట్లో నలుగురూ ఫోన్లు పక్కన పెట్టి ఒకచోట చేరే ఖర్చు ఈ రోజుల్లో అరుదు.

నెలకు మీ చేతిలో మిగిలేది 8 వేలు. 34 వేలను పన్నెండు నెలలకు పంచితే కారు ఇప్పటికే నెలకు 2,800 పైన తింటోంది. దానికి 3,500 కిస్తీ కలిపితే 6,300. మీ చీటీ కన్నా ఎక్కువ! కొత్తది వచ్చింది కదా అని పాతది విరగడం మానదు. ఇద్దరు పిల్లలు, రెండు కార్లు.

34 వేలు ఎలా అయ్యిందో మీ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పాలా? పాత చైన్ సెట్ మీద పెద్ద ఇంజిన్ పెట్టమని వచ్చే కుర్రాడికి మీరేం చెబుతారు? ఇక్కడా అంతే. మోటారు మార్చగానే దాని తిప్పుడు అందుకునే పళ్లచక్రం, అంటే స్పర్ గేర్, పళ్లు పోతాయి. స్టీలు గేరు వేస్తే దెబ్బ చక్రాలను తిప్పే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్ మీద పడుతుంది. 7.4 వోల్టుల టూ ఎస్ (రెండు సెల్‌ల) బ్యాటరీ తీసి 11.1 వోల్టుల త్రీ ఎస్ (మూడు సెల్‌లది) పెడితే వోల్టేజీ ఒకటిన్నర రెట్లు. వేగమూ దాదాపు అంతే పెరిగితే రాయికి గుద్దుకున్నప్పుడు దెబ్బ, వేగం వర్గం లెక్కన, రెండింతలకు పైనే. అంటే వేగం పెంచే పార్టు ధర బిల్లు మీద ఉన్నదొక్కటే కాదు, దాని తర్వాత విరిగేవాటి ధర కూడా కలుపుకోవాలి. చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లు అల్యూమినియంవైతే చూడ్డానికి బాగుంటాయి కానీ వంగితే వంగినట్టే ఉంటాయి. ప్లాస్టిక్‌వి కాస్త వంగి మళ్లీ సర్దుకుంటాయి, విరిగినా చవక.

కాబట్టి ముందు ఖర్చు తగ్గించేవి కొనండి. చక్రాల్లో ప్లాస్టిక్ బుష్‌లుంటే తీసేసి బాల్ బేరింగులు వేయండి. ఏటి ఇసుక వాటికి శత్రువు, ఇంటికి రాగానే బ్రష్‌తో దులపడం పాపకి అప్పజెప్పండి. సెల్ సెల్‌కీ సమంగా చార్జ్ చేసే మంచి చార్జరు ఒకటి. ఈ కార్లలో వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని పూర్తిగా పీల్చేయకుండా, వారం పాటు వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. ఉబ్బిందంటే ఇక వాడకండి. చార్జింగ్‌లో పెట్టి నిద్రపోవడం అసలు వద్దు, షాపులో ఆయిలూ పెట్రోలూ ఉంటాయి. పార్టులు విదేశం నుంచి తెప్పిస్తుంటే సుంకం, కొరియర్ కలిపి లెక్క చూసుకోండి. ఒక్కో స్క్రూకి ఒక్కో ఆర్డరు పెట్టేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి. వడ్డీ బ్యాంకు వేస్తుంది, అమ్మేవాడు అంత తగ్గింపు ఇస్తాడు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీ మీదే. వానల్లో బేరం పడిపోయి ఈఎంఐ పడే క్రెడిట్ కార్డు బిల్లు ఒక నెల తప్పితే, నెలకు 3.5 శాతం లెక్కన ఏడాదికి 42 శాతం వడ్డీ.

నాకు అసలు టెన్షన్ ఆ 40 వేల గురించి. షాపు లోను కిస్తీతో కలిపి మీ ఇంటికి నెలకు 39 వేలు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి గజపతి జిల్లా అల్లకల్లోలమైనప్పుడు ఎన్ని షాపుల షట్టర్లు ఎన్నాళ్లు దించి ఉన్నాయో మీకే బాగా తెలుసు. మీ దగ్గరున్నది ఒక్క నెల డబ్బు.

ఆ 8 వేలు ఇలా పంచండి. 4 వేలు బ్యాంకు ఆర్డీకి (నెలనెలా కట్టే డిపాజిట్). ఇది ఆపద డబ్బు, ఆరు నెలల ఖర్చు చేరేదాకా ముట్టుకోకండి. 1,500 పాప పేర సుకన్య సమృద్ధికి (ఆడపిల్లల పొదుపు పథకం). పదేళ్లు నిండేలోపే ఖాతా తెరవాలి, ఏటా కనీసం 250 నుంచి లక్షన్నర దాకా, పదిహేనేళ్లు కట్టాలి. మిగిలిన 2,500 కారుది. రిపేర్లు వెయ్యిలో సరిపెడితే 1,500 మిగులుతుంది, 28 నెలల్లో 42 వేలు. ఆ వెయ్యి లెక్క బాబు నోట్‌బుక్‌లో రాయాలి. ఆ వెయ్యిలో మిగిలి ఉన్నదాకే పార్టు, లేకపోతే వచ్చే నెల. నాన్నగారికి ఆ పుస్తకం చూపించండి, గొడవ కొంతైనా తగ్గుతుంది.

చీటీ పాట మీకు వచ్చిన రోజు ఆ డబ్బు ఇటు మళ్లించకండి. అది షాపు లోనుకి.