తడి కట్టె సంగతి: ఒక యువ రచయితకు లేఖ

బరంపురం

చిరంజీవి బాబుకు,

తర్కం పాఠం చెప్పే మాస్టారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం సాఫీగానే నడుస్తోంది. మూడో పేజీ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. “నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందన్నదే న్యాయశాస్త్రం” అని మాస్టారి చేత అనిపించావు. (న్యాయమంటే ఇక్కడ కోర్టు న్యాయం కాదు, తర్కం.) ఆయన ఆ మాట అని ఉండరు. ఆయన చెప్పేది దీనికి తిరగేసి: పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుంది. వంటింట్లో రెండూ చూశాం. చెరువులో నిప్పూ లేదు, పొగా లేదు. కాబట్టి కొండమీద పొగ లేస్తే అక్కడ నిప్పుందని తేలుస్తారు.

దాన్ని తలకిందులు చేస్తే నిలవదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు చూడు. నిండా నిప్పే, పొగ మాత్రం లేదు. పొగ రావాలంటే నిప్పుకి తడి కట్టె తగలాలి. తర్కంలో ఆ తడి కట్టె తగలడాన్నే ‘ఉపాధి’ అంటారు. ఉపాధి హామీలో ఉపాధి కాదు సుమా! పొగ ఉన్న ప్రతిచోటా ఇది ఉంటుంది, నిప్పున్న ప్రతిచోటా ఉండదు. నువ్వు రాసిన వాక్యం చెడింది ఇక్కడే.

ఇక ఏడో పేజీ. ఆదివారం పెరట్లో నీళ్ళపొయ్యిలోకి మాస్టారు పచ్చి సరుగుడు కట్టెలు ఎగదోశారు. పొగ కమ్మేసింది. వాళ్ళావిడ తిడుతుంటే ఆయన కళ్ళు తుడుచుకుంటూ “ఉపాధి దొరికిందే!” అన్నారు. ఎంత మంచి మాట పట్టుకున్నావురా! పట్టుకుని “మాస్టారు హాస్యప్రియులు” అని చేజార్చుకున్నావు. ఆయన పాఠమూ సంసారమూ రెండూ ఆ పొయ్యి దగ్గరే ఉన్నాయి. నువ్వేమో ‘విద్యా వ్యాసంగం’ అని ఒక భాగం, ‘వ్యక్తిగత జీవితం’ అని ఇంకో భాగం చేసి మధ్యలో గోడ కట్టావు.

ఈ గోడ పత్రికలవాళ్ళ పని. పైన డిగ్రీల జాబితా, కింద మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఫొటో, చివర యువతకు సందేశం. తడి కట్టె మాట కొట్టేసి ‘నిరాడంబర జీవనం’ అని పెట్టే సంపాదకుల్ని చాలామందిని చూశాను. వాళ్ళ కోసం రాయకు.

మళ్ళీ వెళ్ళే ముందు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానం భాగం చదువు. అనుమానమంటే సందేహం కాదు, పొగని చూసి నిప్పుని తేల్చడం. చిన్న పుస్తకమే. ప్రతిజ్ఞ (తేల్చాల్సిన మాట), హేతువు (దానికి కారణం), ఉదాహరణ, ఉపనయం, నిగమనం (తేలిన మాట), అనుమానానికి ఉన్న ఈ ఐదు మెట్లనీ కొండ మీద నిప్పుతో నీ చేత్తో రాసి మాస్టారికి చూపించు. కొత్తవాళ్ళు తడబడేది నాలుగోదాని దగ్గర. నిప్పుని వదలని పొగ ఏదైతే వంటింట్లో చూశామో, అలాంటిదే ఈ కొండమీదా ఉందని కలిపి చెప్పడమే ఉపనయం. దాన్ని హేతువులాగే రాసేస్తే ఆయన ఎర్ర పెన్ను తీస్తారు. తీయనీ. ఆయన ఎక్కడ దిద్దారో అక్కడే నీ వ్యాసం మొదలవుతుంది.

“మీకు ఏ అంశంలో ఆసక్తి?” అని అడక్కు, ఉద్యోగం ఇంటర్వ్యూలా ఉంటుంది. “ఏ పేజీ దగ్గర ఆగిపోయారు?” అని అడుగు. క్లాసులో ఒక గంట వెనక బెంచీలో కూర్చో. మాస్టారు ఇంగ్లీషులో చెబుతారు, పిల్లలు ఒడియాలో సందేహం అడుగుతారు, ఇంటికొచ్చాక తిట్లూ కాఫీ తెలుగులో. ఏ మాట ఏ భాషలో వచ్చిందో పక్కన గుర్తు పెట్టుకో. నువ్వు అన్నీ ఒకే గ్రాంథికపు తెలుగులో పోసేశావు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు కొలువు చేసింది మన పక్కనున్న పర్లాకిమిడిలోనే. అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకోడానికి తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారాయన. నువ్వు మాస్టారింట్లో ఉండక్కర్లేదు గానీ, నాలుగు ఆదివారాలన్నా వెళ్ళలేవా?

ఏ పత్రికకి పంపాలో, కలం పేరు పెట్టుకోవాలో వద్దో అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ఈ ఆదివారం పొద్దున్నే వెళ్ళు. ఆ సరుగుడు ఎక్కడ కొన్నారో, కొట్టి ఎన్నాళ్ళయిందో అడుగు. అమ్మగారు ఏమని తిట్టారో, ఉన్నదున్నట్టు రాసుకురా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న